రాయి మన ఊరిది, డబ్బు ఎవరిది? దేశ సంపద భూమిలో ఉందా, మనిషి పనిలో ఉందా

చీమకుర్తి_శీను
మా బావ ప్రతి పండక్కీ ఒకే మాట అంటాడు. గల్ఫ్ దేశాలకు చమురుంది కాబట్టి డబ్బుంది, మన దేశంలో అట్టాంటిది లేదు కాబట్టి ఇట్టా ఉన్నాం అని. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చీమకుర్తిలో పుట్టి పెరిగినవాణ్ణి. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ మా చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా దొరకదు. ఎనభైల నుంచి తవ్వుతున్నారు, బ్లాకులు బ్లాకులుగా చైనాకీ ఇటలీకీ పోతోంది. వనరు ఉంటే సంపద దానంతట అదే వచ్చేటట్టయితే మా మండలంలో ప్రతి ఇల్లూ ఎట్టా ఉండాలి? క్వారీ యజమానులు బాగుపడ్డారు, లారీలవాళ్ళు కొంత బాగుపడ్డారు, కటింగ్ యూనిట్లలో పనిచేసే మాలాంటివాళ్ళకు నెల జీతం వస్తోంది. మిగతా ఊరికి దుమ్ము, లోతు తెలియని గుంతలు, అడుగంటిన బోర్లు. అందుకే అడుగుతున్నా. ఒక దేశానికి సంపద భూమిలో ఉన్నదాని వల్ల వస్తుందా, మనిషి చేసే పని వల్ల వస్తుందా? తెలిసినవాళ్ళు గట్టిగా చెప్పండి, ఈ చర్చ మొత్తం మా బావకు పంపిస్తా.

లెక్కలమాస్టారు
శీనూ, నువ్వడిగింది 250 ఏళ్ళ నాటి తగాదా. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో కెనే అనే వైద్యుడు, ఆయన వెంట ఇంకొందరు, సంపదంతా భూమి నుంచే పుడుతుంది, రైతు తప్ప మిగతావాళ్ళు కొత్తగా ఏమీ పుట్టించరు అని వాదించారు. 1776లో ఆడమ్ స్మిత్ దానికి అడ్డం తిరిగాడు. ఏటా ఆ దేశపు మనుషులు చేసే పనే దాని సంపదకు మూలం, ఆ పని ఎంత నేర్పుగా చేస్తారు, ఎట్టా పంచుకుని చేస్తారు అన్నదాన్ని బట్టి దేశం పైకొస్తుంది అన్నాడు. నా ఓటు ఆయనకే.

స్పెయిన్ కథ చూడు. దక్షిణ అమెరికాలో పొటోసీ అనే వెండి కొండ వాళ్ళ చేతికి చిక్కింది. ఓడల కొద్దీ వెండి దిగింది. అయినా రెండో ఫిలిప్ ఏలుబడిలో 1557, 1560, 1575, 1596 సంవత్సరాల్లో, అంటే ఒక్క రాజు కాలంలోనే నాలుగుసార్లు, అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. వచ్చిన వెండి యుద్ధాలకూ, బయటి దేశాల సరుకులకూ పోయింది, ఇంట్లో ధరలు పెరిగాయి. ఆ రాజు మీదే తిరగబడిన హాలండ్‌కు గనుల్లేవు, నేలలో చాలా భాగం సముద్రమట్టానికి దిగువన ఉంది. వాళ్ళు గట్లు కట్టుకున్నారు, ఓడలు కట్టారు, చేపలు ఉప్పేసి అమ్మారు, తర్వాతి వందేళ్ళలో ఐరోపాకే అప్పులిచ్చే స్థితికొచ్చారు.

కువైట్_గూడూరు
మాస్టారూ, పుస్తకంలో బాగానే ఉంటుంది. నేను గూడూరులో ఏసీలు రిపేరు చేసేవాణ్ణి, ఇప్పుడు కువైట్‌లో అవే ఏసీలు రిపేరు చేస్తున్నా. అదే చెయ్యి, అదే స్పానర్. జీతం మాత్రం అక్కడికీ ఇక్కడికీ పోలికే లేదు. మనిషి పనే సంపద అయితే నా పనికి రెండుచోట్లా ఒకటే విలువ ఉండాలి గదా. తేడా ఎక్కడినుంచి వచ్చింది? కింద చమురు ఉండబట్టి వచ్చింది. శీను వాళ్ళ బావ చెప్పిందాంట్లో తప్పేముంది?

కనిగిరి_నీళ్ళు
గూడూరు అన్న మాటకు నాదీ సపోర్టు. కష్టమే సంపద అయితే మా కనిగిరి, పామూరు, వెలిగండ్ల వైపు జనం ఎప్పుడో కోటీశ్వరులు కావాలి. తెల్లారకముందే లేచి పనికిపోయే మనుషులు. కానీ వాన లేదు, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, పళ్ళు పచ్చబడి మోకాళ్ళు పట్టేసిన ముసలోళ్ళు ఊరూరా ఉన్నారు. మా వైపుకు నీళ్ళు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు, అప్పుడు పుట్టిన పిల్లలు హైదరాబాద్ వచ్చి బిల్డింగుల పనిలో మేస్త్రీలయ్యారు. నేనూ ఆ కట్టడాల్లోనే ఉన్నా. నీళ్ళు లేని నేల మీద ఎంత పని చేసినా చెమటే మిగులుతుంది.

నెల్లూరు_చేపలపులుసు
ఇంతసేపూ ఎవరూ మా పులుసు ఊసెత్తలేదేందబ్బా. చేప చెరువుది, మామిడికాయ చెట్టుది, పులుసు మాత్రం మా అమ్మది. చేప లేకుండా మా అమ్మ పులుసు పెట్టలేదు, మా అమ్మ లేకుండా చేప ముళ్ళతో సహా చేపే. ఇద్దరూ గెలిచారు, భోజనాలకు లేవండి.

పెన్నా_ఆయకట్టు
కనిగిరి తమ్ముడూ, నీ బాధ నిజం, నీ ముక్తాయింపుతోనే నాకు పేచీ. నీళ్ళుంటే చాలని అంటున్నావు. పెన్నా ఎప్పుడూ నెల్లూరు పక్కనే పారింది. వరదొస్తే ముంచేది, వరద పోతే ఇసుకే మిగిలేది. 1855లో నెల్లూరు దగ్గర ఆనకట్ట కట్టాక, తర్వాత సంగం దగ్గర ఇంకోటి కట్టాక, కాలువలు తవ్వాక గదా డెల్టా మడులు పచ్చబడింది. ఆ తర్వాత సోమశిల, 78 టీఎంసీలు పట్టే జలాశయం. నది ప్రకృతిదే, ఆయకట్టు మాత్రం కట్టుకున్నది. మీకు వెలిగొండ రాకపోవడం కూడా ప్రకృతి చేసిన పని కాదు, మనుషులు చెయ్యాల్సిన పని చెయ్యకపోవడం. శ్రీశైలం నీళ్ళు కొండకు అవతలే ఉన్నాయి. దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాలు రెండు తవ్వటానికి ఇన్నేళ్ళు పట్టింది. తవ్వాక కూడా జలాశయం, కాలువలు, నిర్వాసితుల పరిహారం అన్నీ తెమిలితేనే నీళ్ళు చేలోకొస్తాయి.

ఇంకోటి కూడా చెప్తా. నీళ్ళు, నేల రెండూ ఉన్నా విత్తనం లేకపోతే దిగుబడి రాదు. 34449 అని మనమంతా పిలిచే నెల్లూరు మసూరి ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టింది. ఆ వంగడం ఎవరో తవ్వి తీసింది కాదు, శాస్త్రవేత్తలు ఏళ్ళతరబడి సంకరం చేసి, ఏరి, పరీక్షించి ఇచ్చింది. దాని మీద ఎన్ని ఎకరాలు, ఎన్ని రైస్ మిల్లులు బతుకుతున్నాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు.

కనిగిరి_నీళ్ళు
సరే అన్నా, మనుషులు చెయ్యలేదు అన్నావు చూడు, ఆ మాట ఒప్పుకుంటా. కానీ చెయ్యాల్సింది మా మనుషులు కాదు గదా. సొరంగం కూలివాడు తవ్వుకోలేడు.

అల్లూరు_రొయ్యలు
ఉప్పునీళ్ళ సంగతి నేను చెప్తా. ఉప్పుటేరు, చవుడు నేల మా తాతల కాలంలోనూ ఉన్నాయి, పైసా రాలేదు. ఆ భూములు ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు లేరు. తొంభైల్లో టైగర్ రొయ్య వచ్చింది, ఒక్కసారిగా కార్లు, డాబాలు. 94, 95 వచ్చేసరికి వైట్ స్పాట్ అనే రొయ్యల రోగం తగిలింది, గుంటలకు గుంటలు తెల్లారేసరికి తేలిపోయాయి. 1996లో తీరం పక్క రొయ్యల గుంటలు తీసెయ్యమని సుప్రీంకోర్టు తీర్పు. నేను చూసిన కుటుంబాలు కొన్ని ఇప్పటికీ ఆ అప్పుల్లోంచి బయటపడలేదు. మళ్ళీ 2009లో వెనామీ రకం రొయ్యకు అనుమతొచ్చాక లేచింది మా ప్రాంతం.

ఇప్పుడు అసలు సంగతి వినండి. వెనామీ మన రొయ్యే కాదు. పసిఫిక్ అవతలి ఒడ్డున, మెక్సికో నుంచి పెరూ దాకా ఉండే రకం. రోగాలు లేని తల్లి రొయ్యల్ని అమెరికాలో తయారుచేస్తారు, హ్యాచరీలు వాటిని విమానాల్లో దింపుకుని ఇక్కడ సీడ్, అంటే పిల్ల రొయ్యల్ని, తీస్తాయి. నీళ్ళు మనవి, నేల మనది, కరెంటు బిల్లు మనది, రాత్రిళ్ళు నీళ్ళకు గాలి ఆడించే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని గట్టుమీద కాపలా కాసేది మనం. తెలివి ఉన్నచోటుకు ముందు డబ్బు పోతుంది, తర్వాత మనకొస్తుంది. పైగా 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు గుంటలో ఏమీ మారలేదు. అదే నీరు, అదే రొయ్య, కిలోకు తూగే కౌంట్ కూడా అదే. రేటు మాత్రం పడిపోయింది. సంపద నీళ్ళలో ఉంటే అది ఎక్కడికి పోయినట్టు?

చీమకుర్తి_శీను
మా దగ్గరా ఇదే అన్నా. బ్లాకుగా పోయిన రాయి అక్కడ శ్లాబులై, పాలిష్ అయి, డిజైన్ అయి, దాని విలువ ఎన్నో రెట్లవుతుంది. ఇక్కడ కొన్ని యూనిట్లు కోస్తున్నాయి కానీ మేలురకం బ్లాకులు ఎక్కువగా కోతకు ముందే ఓడెక్కుతాయి.

మైకా_మనవడు
మా తాత కలిచేడు మైకా గనిలో పనిచేశాడు, మాది సైదాపురం పక్కన పల్లె. గూడూరు అభ్రకం అంటే ఒకప్పుడు లండన్‌లో పేరు. ఎందుకో తెలుసా? రేడియో వాల్వుల్లో, కరెంటు మోటార్లలో వేడికి, విద్యుత్తుకు అడ్డుగా పెట్టటానికి దానికి మించింది అప్పట్లో లేదు. యుద్ధాల కాలంలో అయితే అడిగినంత రేటు. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది, కృత్రిమ పదార్థాలు వచ్చాయి, మనదగ్గర బాగా కొనే సోవియట్ యూనియన్ 1991లో విడిపోయింది. గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. భూమిలో అభ్రకం తగ్గి కాదు! అది అట్టాగే ఉంది.

ఇప్పుడు చూడండి, ఆ రోజుల్లో మైకా కోసం తవ్వి పక్కన పారేసిన తెల్లరాయి, క్వార్ట్జ్, దానికి గిరాకీ వచ్చింది. గాజుకీ సోలార్ పలకలకీ కావాలట. మా తాత కాళ్ళకు గుచ్చుకుంటుందని తిట్టుకున్న రాయి అది. కాబట్టి ఏది వనరో, ఏది చెత్తో తేల్చేది భూమి కాదు, ఎక్కడో ఒక ల్యాబులో కూర్చున్న మనిషి. నాకు అర్థమైంది ఇంతే.

కువైట్_గూడూరు
మైకా తమ్ముడు చెప్పింది ఆలోచించాల్సిన మాటే. ఇక్కడ కువైట్‌లోనూ పాతోళ్ళు అట్టాంటిదే చెప్తారు. చమురుకు ముందు వీళ్ళ బతుకు ముత్యాల మీద. ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దూకి ముత్యపు చిప్పలు తెచ్చేవాళ్ళు. 1930ల్లో జపాన్‌వాళ్ళు పెంపకం ముత్యాలు మార్కెట్లోకి కుమ్మరించేసరికి ఆ వ్యాపారం కుప్పకూలింది. 1938లో చమురు పడింది, 1946లో మొదటి ఓడ వెళ్ళింది. ఆ మధ్య ఏళ్ళలో బాగా ఇబ్బంది పడ్డారట.

కానీ నా ప్రశ్నకు మాస్టారు జవాబియ్యలేదు. నా స్పానర్ సంగతి.

లెక్కలమాస్టారు
ఇస్తున్నా. నీ పనికి కువైట్‌లో ఎక్కువ ఇస్తున్నారంటే అక్కడ చమురు డబ్బు తిరుగుతోంది కాబట్టి, అది నిజం, కాదనను. అయితే చమురు ఉన్న ప్రతి దేశంలోనూ నీకు ఆ జీతం వస్తుందా? ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ నిరూపిత చమురు నిల్వలు వెనెజ్వేలావి, దాదాపు 30 వేల కోట్ల పీపాలు. అక్కడినుంచి పదేళ్ళుగా జనం లక్షల్లో పక్క దేశాలకు వలసపోతున్నారు. నైజీరియాకు చమురుంది, నువ్వు ఏసీ రిపేరుకు అక్కడికి పోలేదు. ఇంకోవైపు సింగపూర్ చూడు. తాగే నీళ్ళు కూడా ఇప్పటికీ కొంత మలేసియా నుంచి తెచ్చుకుంటోంది, గని లేదు, పొలం లేదు. 1965లో విడిపోయిన దేశం. అక్కడ నీ స్పానర్‌కు మన ఊరికంటే మంచి రేటే పలుకుతుంది. కువైట్ కూడా 1953లోనే, స్వాతంత్ర్యం రాకముందే, చమురు మిగులును లండన్‌లో పెట్టుబడిగా పెట్టే బోర్డు పెట్టుకుంది. నీ జీతంలో ఆ ముందుచూపు కూడా ఉంది.

నీ చెయ్యి అదే, నువ్వన్నట్టు. కానీ ఆ చెయ్యి చుట్టూ ఎంత పనిముట్టు, ఎంత చదువు, ఎంత నమ్మకమైన వ్యవస్థ ఉందో దాన్ని బట్టి పని విలువ మారుతుంది. ప్రపంచ బ్యాంకు 2018లో ఒక పెద్ద లెక్క వేసింది. ప్రపంచ సంపదలో మనుషుల నైపుణ్యం, చదువు, సంపాదన శక్తి కలిపి 64 శాతం. భూమి, అడవి, గనులు, చమురు అన్నీ కలిపి 9 శాతం. మిగతాది యంత్రాలు, భవనాలు, రోడ్లు. బీద దేశాల్లో మాత్రం ప్రకృతి వాటా 47 శాతం. అంటే బీదవాళ్ళకే ప్రకృతి ఎక్కువ ఉందని కాదు, మిగతావి కట్టుకోలేకపోయారని.

ఒంగోలు_గిత్త
ఈ చర్చ చూస్తూ ఊరుకోలేకపోతున్నా. మీరంతా రాళ్ళూ చమురూ అంటున్నారు, మన జిల్లా నుంచి పోయిన అతిపెద్ద వనరు నాలుక్కాళ్ళ మీద నడిచిపోయింది. ఒంగోలు జాతి పశువులు. పందొమ్మిదో శతాబ్దం నుంచే ఓడల్లో బ్రెజిల్ వెళ్ళాయి, అక్కడ నెలోరె అంటారు. 1960ల మొదట్లో వెళ్ళిన ఒక ఆబోతుకు అక్కడ కరవది అనే పేరు, మన ఒంగోలు పక్క ఊరు కరవది. దాని సంతతి ఈరోజుకీ బ్రెజిల్ మందల్లో వెతికి చూపిస్తారు.

ఆ దేశంలో 20 కోట్లకు పైగా పశువులున్నాయి, వాటిలో పెద్ద భాగం ఈ రక్తమే. గొడ్డుమాంసం ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం వాళ్ళది. 2023లో వియాటినా-19 అనే నెలోరె ఆవుకు 40 లక్షల డాలర్ల విలువ కట్టారు, గిన్నిస్ రికార్డు. మనదగ్గర? బండలాగుడు పందేలకు కొందరు ప్రాణంగా పెంచుతున్నారు, వాళ్ళకు దండం పెట్టాలి, గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన ఫారంలో కొంత పని జరుగుతోంది. ఊళ్ళలో మాత్రం ట్రాక్టరు వచ్చాక ఎద్దు పోయింది, పాల కోసం సంకర ఆవు వచ్చింది. ఒకే జంతువు. అక్కడివాళ్ళు ప్రతి దూడకూ తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఎంత బరువు పెరిగింది అని రాసిపెట్టారు, మేలైనవాటి వీర్యం, పిండాలు దాచి పెంచారు. మనం రాసిపెట్టలేదు. వనరు గొప్పదా పని గొప్పదా అని నన్నడిగితే నేను దీన్నే చూపిస్తా.

పొగాకు_కొండపి
గిత్త అన్నా, బ్రెజిల్‌లో కాలుపెట్టే చోటల్లా గడ్డి. మనదగ్గర ఒక జత ఎడ్లను మేపాలంటే ఎండుగడ్డి కట్టలు కొనుక్కోవాలి. వాళ్ళకు నేల ఉంది, వాన ఉంది, అది ప్రకృతి కాదా? పైగా ఆ గడ్డి కోసం వాళ్ళు అమెజాన్ అడవి నరికారు, ఆ లెక్క ఎవరు కట్టాలి?

ఒంగోలు_గిత్త
గడ్డి సంగతి నిజమే. కానీ గిత్తను ప్రకృతి ఇచ్చిందనుకుంటున్నావా? పెన్నా గుండ్లకమ్మ నడుమ మన రైతులు తరతరాలుగా మంచి ఆబోతును దేవుడి పేరు మీద వదిలి, బక్కదాన్ని పక్కకు తప్పించి, అట్టా నిలబెట్టిన జాతి అది. రాసిపెట్టకపోయినా కళ్ళతో ఎంచారు. దాన్ని వనరు అనడం కూడా మన పెద్దల పనిని తక్కువ చేయడమే.

షార్_సూళ్ళూరుపేట
గిత్త గారి చివరి పోస్టు చాలా నచ్చింది. నాది శ్రీహరికోట పక్కనే. 1969లో ఆ దీవిని ఎంచుకునేముందు అక్కడ సరుగుడు తోటలు, మద్రాసుకు పోయే వంటచెరకు, యానాదుల గుడిసెలు. 1971 అక్టోబర్ 9న చిన్న రాకెట్ ఎగిరింది, 1980 జూలై 18న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. పూర్తిగా మనిషి మేధ అని చెప్పుకుంటాం. కానీ ఆ చోటునే ఎందుకు ఎంచారు? తూర్పున సముద్రం, మొదటి దశ ఊడిపడినా జనం మీద పడదు. భూమధ్యరేఖకు దగ్గర, అక్కడ భూమి తూర్పుకు సెకనుకు 450 మీటర్ల వేగంతో తిరుగుతుంది, ఆ వేగం రాకెట్‌కు ఉచితంగా దక్కుతుంది. అది ప్రకృతి ఇచ్చిందే. వెయ్యేళ్ళ కిందా ఉంది. దాన్ని వాడుకోగలిగే లెక్కలు వచ్చాకే దానికి విలువ.

ఇంకో మాట కూడా రాయాలి. ఆ దీవి ఖాళీగా లేదు. యానాదులు అక్కడ చేపలు, తేనె, మూలికలు అన్నిటి ఆనుపానులు తెలిసి బతికారు. ఆ తెలివీ మనిషి పనే. దేశ సంపద లెక్కలో దానికి గడి లేదు, వాళ్ళను తరలించినప్పుడు అది ఎంత నష్టమో ఎవరూ కట్టలేదు.

కందుకూరు_కోడలు
నేనూ అదే అడగబోతున్నా, షార్ అన్న ముందే అనేశాడు. మీరంతా మనిషి పని, మనిషి పని అంటున్నారు, ఏ మనిషి పని? మా అత్తమ్మ పొగాకు గ్రేడింగ్‌కు పోయేది, ఆకు చూసి చెయ్యి పెడితే ఏ రకమో చెప్పేది, కూలి మాత్రం మగవాళ్ళ కంటే తక్కువ. రొయ్యల ప్లాంట్లలో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తలలు తీసేది ఆడవాళ్ళే, సాయంత్రానికి వేళ్ళు నానిపోయి తోలు ఊడుతుంది. వాటికి కూలన్నా ఉంది. ఇంటి వంట, పిల్లలు, మంచంలో ఉన్న పెద్దవాళ్ళు, ఇవి జీడీపీలో ఎక్కడున్నాయి? పనిమనిషిని పెడితే లెక్కలోకొస్తుంది, కోడలు చేస్తే రాదు. మాస్టారు చెప్పిన 64 శాతంలో ఈ పని ఉందా?

లెక్కలమాస్టారు
లేదమ్మా. కూలి, జీతం, సొంత వ్యాపారం మీద వచ్చే సంపాదనను బట్టి వేసిన లెక్క అది. ఇంటిపనికి అందులో చోటు లేదు. జీడీపీ లెక్కలో ఇంకో లోపం కూడా చెప్తా. బ్లాకు తవ్వి అమ్మితే ఆ డబ్బు ఆదాయంలో కలుస్తుంది, కొండ తరిగిపోయిందని అందులో తీసివెయ్యరు. బ్యాంకులో దాచిన అసలు తీసి ఖర్చుపెట్టుకుంటూ జీతం పెరిగిందని రాసుకోవడం లాంటి లెక్క.

నౌరూ అనే దీవి దేశం అట్టాగే పోయింది. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది, దీవి నిండా ఎరువుకు పనికొచ్చే ఫాస్ఫేట్. 1970ల్లో తలసరి ఆదాయంలో ప్రపంచంలో ముందు వరసలో ఉన్నారు. తవ్వేశారు, దాచిన నిధిని తలా ఒక వ్యాపారంలో పోగొట్టారు, దీవి మధ్యభాగమంతా పనికిరాని రాతి మొనలు మిగిలింది. నార్వే అదే తరహా సొమ్మును వేరేగా చూసింది. చమురు కంపెనీల లాభం మీద మొత్తం 78 శాతం పన్ను. 1990లో చట్టం చేసి నిధి పెట్టారు, 2001లో ఒక నియమం పెట్టుకున్నారు, నిధి మీద వచ్చే రాబడి మాత్రమే ఖర్చు పెట్టాలి, అసలు ముట్టుకోకూడదు అని. అర కోటి పైచిలుకు జనం ఉన్న దేశానికి ఇవాళ ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రభుత్వ నిధి ఉంది.

కువైట్_గూడూరు
మాస్టారూ, చివరికి మీ నార్వే కూడా చమురు లేకపోతే నిధి పెట్టలేదు గదా. నేను చెప్పేదీ అదే.

అల్లూరు_రొయ్యలు
నార్వేలో చమురు దొరక్కముందు కూడా ఓడలూ చేపలూ చదువూ ఉన్నాయి గూడూరు అన్నా. చమురు లేకపోయినా స్వీడన్ మాదిరిగా ఉండేవాళ్ళు, మా రొయ్యల మాదిరి అప్పుల్లో ఉండేవాళ్ళు కాదు.

కువైట్_గూడూరు
ఇక్కడ మూడింట రెండొంతులు బయటి దేశాలవాళ్ళమే. చమురు వాళ్ళది, పని మాది. మాలాగా అన్ని దేశాల్లో ఉన్న మనవాళ్ళు ఇంటికి పంపే డబ్బులు కలిపితే 2022లో భారతదేశానికి పదివేల కోట్ల డాలర్లు దాటాయి. ఆ లెక్కన నేనే ఒక ఎగుమతి సరుకును. ఇది గర్వంగానే చెప్తున్నా, మా ఇంటిమీద శ్లాబు ఆ డబ్బుతోనే పడింది. కానీ మా అబ్బాయికి ఇదే పని వద్దు.

ఉదయగిరి_గరిట
మా ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు చూశారా ఎవరైనా? కొండమీద దొరికే నర్ది, బిక్కి లాంటి కలపతో చేస్తారు, ఎక్కువగా ఆడవాళ్ళే చెక్కుతారు. పొయ్యిలో పెట్టే కట్టె, చేతిలో పడితే పట్నంలో షోరూముకు పోతోంది. అయితే కొండమీద ఆ చెట్లు తరిగిపోతున్నాయి, కలప తెచ్చుకోవటమే ఇప్పుడు పెద్ద టెన్షన్. పని గొప్పదే, కానీ చెట్టు పెంచకుండా పని ఒక్కటే ఎన్నాళ్ళు నడుస్తుంది? ఈ పోస్టు అటూ ఇటూ ఎవరి వైపో నాకు తెలియదు.

నెల్లూరు_చేపలపులుసు
గరిటె వచ్చింది, ఇక పులుసు కలపొచ్చు.

మైకా_మనవడు
నవ్వించావు గానీ, గరిటక్క చెప్పింది మా ఊరికీ పనికొస్తుంది. మైకా మూతపడ్డప్పుడు మా ఊళ్ళో ఇంకో పని నేర్చుకున్నవాళ్ళు లేరు. డబ్బు వచ్చిన రోజుల్లో ఒక మంచి స్కూలు, ఒక ఐటీఐ పెట్టుకుని ఉంటే గని పోయినా మనుషులు నిలబడేవాళ్ళు. ఇప్పుడు తెల్లరాయి లారీలు పోతుంటే మళ్ళీ అదే భయం. ఇది పోయాక ఏంది?

చీమకుర్తి_శీను
నేను అడగాలనుకుంది మైకా అన్న అడిగాడు. నేను ఈ చర్చ మొదలుపెట్టింది మా బావను ఓడించటానికే, కానీ చదువుతుంటే వేరే ప్రశ్న పట్టుకుంది. మా దగ్గర రాయి ఉంది, పనీ ఉంది. కోసేవాళ్ళు రాజస్థాన్, ఒడిశా నుంచి కూడా వస్తున్నారు. అయినా ఊళ్ళో నిలవడం లేదు. మాస్టారూ, నార్వే సంగతి వదిలెయ్యండి, మా మండలంలో తవ్విన రాయి డబ్బులో మాకు చట్టం ప్రకారం ఏమన్నా వాటా ఉందా?

లెక్కలమాస్టారు
ఉంది. సీనరేజి అని టన్నుకో క్యూబిక్ మీటరుకో ప్రభుత్వం వసూలు చేస్తుంది, అది ఒకటి. 2015లో గనుల చట్టానికి సవరణ చేసి జిల్లా ఖనిజ నిధి అని పెట్టారు. లీజుదారు సీనరేజి కాక దానికీ కట్టాలి. గ్రానైట్ చిన్న ఖనిజాల కిందికొస్తుంది కాబట్టి ఎంత కట్టాలో రాష్ట్రం నిర్ణయిస్తుంది. ఆ నిధి గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ళకే ఖర్చు పెట్టాలి. 2015 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, కాలుష్య నివారణ, నైపుణ్య శిక్షణ లాంటివాటికి పెట్టమని ఉండేది. రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు పరీక్షలు చేయించటానికి కూడా ఇందులోంచి అడగొచ్చు.

కందుకూరు_కోడలు
అడగొచ్చు అంటే ఎట్టా అడగాలో కూడా చెప్పండి మాస్టారూ, చాలామందికి అక్కడే ఆగిపోతుంది.

లెక్కలమాస్టారు
సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. ఖనిజ నిధి జిల్లా స్థాయిది కాబట్టి 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు.

చీమకుర్తి_శీను
నేను వేస్తా. మా ఊరి పేరుతో వేస్తా.

కనిగిరి_నీళ్ళు
శీనూ, మేం ఒకసారి వేరే పని మీద వేశాం, జిల్లా మొత్తం అంకె ఒకటి ఇచ్చి ఊరుకున్నారు, దానితో ఏమీ తేలలేదు. నువ్వు మండలం వారీగా, ఏడాది వారీగా ఎంత జమైంది, ఏ ఊళ్ళో ఏ పనికి ఎంత మంజూరైంది, పని పూర్తయిందా లేదా అని విడివిడిగా అడుగు. బిల్లుల నకళ్ళు కూడా అడుగు.

మైకా_మనవడు
ఆ దరఖాస్తు రాసింది ఇక్కడ పెట్టు తమ్ముడూ, ఊరి పేరు మార్చి మేమూ వేస్తాం. మాది ఇప్పుడు ఏ కలెక్టరాఫీసుకు పంపాలో కనుక్కుంటా, 2022లో జిల్లాలు విడదీశాక గూడూరు వైపు కొన్ని మండలాలు అటు పోయాయి, కొన్ని ఇటు ఉన్నాయి.